ముందే చెప్పిన సాక్ష్యం

"కాంటాక్ట్స్ పెంచుకోండి, కాంటాక్ట్స్" అని కాలేజీకి వచ్చిన ప్రతి పెద్దమనిషీ చెప్పేవాడు. చెప్పి, శాలువా కప్పించుకుని, ఫొటో దిగి, కారెక్కి పోయేవాడు. ఎవరితో పెంచుకోవాలి, ఏమని పలకరించాలి, పలకరిస్తే వాళ్ళు మొహం తిప్పుకుంటే ఏం చేయాలి అన్నది మాత్రం ఒక్క మహానుభావుడూ చెప్పి చావలేదు.

ఎలీనా వాళ్ళది నేరేడ్‌మెట్. తండ్రి జ్ఞానశేఖర్ కరోనా రెండో విడతలో పోయాడు. తల్లి రోసమ్మ ఇంటి వెనక వీధిలోని చిన్న బడిలో ఒకటో తరగతి టీచరు. ఆ ఇంటికి తెలిసిన పెద్దవాళ్ళెవరయ్యా అంటే చర్చి పాస్టరు జకర్యా అయ్యగారు, బడి కరస్పాండెంటు, గ్యాసు ఏజెన్సీలో పనిచేసే ఒక దూరపు చుట్టం. వీళ్ళలో విమానాన్ని దగ్గరగా చూసినవాళ్ళే లేరు. విమానాలు బాగుచేసే చదువు చదివిన పిల్ల వీళ్ళను పట్టుకుని ఎక్కడికని ఎక్కుతుంది?

ఆ చదువుతో వచ్చిన చిక్కేమిటంటే, పరీక్షలన్నీ పాసైనా లైసెన్సు చేతికి రాదు. అసలైన విమానం మీద కొన్నాళ్ళు పనిచేసి ఉండాలి. పనిచేయాలంటే ఏదో ఒక కంపెనీ లోపలికి రానివ్వాలి. శంషాబాద్‌లో విమానాలను విప్పి బాగుచేసే కంపెనీ ఒకటి ఏటా కొత్తపిల్లలను తీసుకునేది. అర్జీలు కుప్పలుగా వచ్చి పడతాయి కనుక వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపల పనిచేసే ఇంజనీరు ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క పేరు ఇవ్వొచ్చు, ఈ పిల్లకు నాదీ పూచీ అని. అలా పేరు పడ్డవాళ్ళనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. మిగతా అర్జీలను తెరిచే నాథుడు లేడు.

యాప్రాల్‌లో ఉండే లాస్య ఎలీనాతో కలిసి చదువుకున్న పిల్ల. లాస్య మేనమామ అదే కంపెనీలో ఇంజనీరు. ఆ సంగతి తెలిసిన రోజు ఎలీనా కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే రోసమ్మ అంది, "దానికి మేనమామ ఉన్నడు, నీకు దేవుడున్నడు. తిను."

దేవుడికి శంషాబాద్‌లో ఉద్యోగం లేదు గదమ్మా అనాలనిపించింది గానీ, ఎలీనా నోరు మూసుకుని తింది.

మొదట్లో అందరూ చేసినట్టే చేసింది. ముక్కూ మొహం తెలియని ఇంజనీర్లను ఫోన్లో వెతికి పట్టుకుని, "రెస్పెక్టెడ్ సర్, నేను ఫ్రెషర్‌ని, దయచేసి అవకాశం ఇప్పించగలరు" అని ఒకటే మాట అందరికీ పంపింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఒకాయన మాత్రం దండం పెడుతున్న చేతుల బొమ్మ పంపాడు. అది దీవెనో, నన్నొదిలెయ్యి తల్లీ అనో ఆమెకు అర్థం కాలేదు.

ఆ తర్వాత బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో విమానాల ప్రదర్శన జరిగింది. ఎలీనా జిరాక్స్ షాపులో తన పేరుతో కార్డులు కొట్టించుకుని వెళ్ళింది. సూటు వేసుకున్నవాళ్ళంతా కార్డు తీసుకుని, చూడకుండానే జేబులో పడేశారు. ఒక పెద్ద ఇంజన్ పక్కన నిలబడ్డ యాభై దాటిన మనిషి ఒకాయన మాత్రం కార్డును రెండువైపులా తిప్పి చూసి, "ఎలీనా. మనోళ్ళేనా?" అన్నాడు. ఆయనే జెరెమియా. ఇల్లు బోయిన్‌పల్లి. లైసెన్సున్న ఇంజనీరు. బాగుచేసిన విమానాన్ని ఆయన చూసి, సరేనని సంతకం పెడితేనే అది షెడ్డు దాటి బయటికి వస్తుంది.

"ఉద్యోగం అడుగుదామని వచ్చినవా?" అన్నాడాయన.

"అవును సార్."

"అడగకు. ఉద్యోగం అడిగితే ఎవ్వడూ జవాబియ్యడు బిడ్డా. పని గురించి అడుగు. పని గురించి అడిగితే ఎంత బిజీగున్నా ఆగి చెప్తరు. మాకున్న రోగమది."

ఎలీనాకు అప్పటికప్పుడు తోచింది అడిగేసింది. ఇంజన్‌లో బోల్టులు ఊడిపోకుండా వాటి తలల్లోంచి సన్నటి తీగ పోనిచ్చి, మెలిపెట్టి కడతారు. తను కట్టిన తీగ ఎప్పుడూ బోల్టును పట్టుకోకుండా ఊరికే వేలాడుతుంది, ఎందుకని. జెరెమియా పెన్ను తీసి ఆమె కార్డు వెనకనే బొమ్మ గీశాడు. బోల్టు వదులవుదామని చూస్తే తీగ దాన్ని బిగించేవైపు గుంజాలి, నువ్వు ఉల్టా కడుతున్నవ్ అన్నాడు. చుట్టూ జనం తోసుకుంటున్నా, ఆమెకు అర్థమయ్యేదాకా వదల్లేదు.

అలా మొదలైంది. రెండేళ్ళు నడిచింది. నెలకు ఒక్క ప్రశ్న, అంతకు మించి విసిగించకూడదని ఆమె తనకు తానే పెట్టుకున్న హద్దు. ప్రశ్న పంపేముందు ఉన్న పుస్తకాలన్నీ తిరగేసేది, ఇది కూడా తెలియదా అనిపించుకుంటే పరువు పోతుందని భయం. తను కట్టిన తీగ ఫొటో పంపితే ఆయన దాని మీద ఎర్రగీత గీసి వెనక్కి పంపేవాడు. "మళ్ళ కట్టు." ఎప్పుడో ఒకసారి, "పర్వాలే." ఆ పర్వాలే వచ్చిన రోజు ఎలీనా ఇల్లంతా పాడుకుంటూ తిరిగేది. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైనా ఎవరూ వంక పెట్టరని రోసమ్మ కనిపెట్టేసింది.

క్రిస్మస్ వారంలో ఒకసారి ఆయన ఇంటికి కూడా వచ్చాడు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి సంచెడు కూరగాయలు మోసుకొచ్చాడు. రోసమ్మ మటన్ పలావు చేసింది. "అక్కా, ఇంక జెరంత పెట్టు" అని అడిగి మరీ పెట్టించుకుని తిన్నాడు. జ్ఞానశేఖర్ పోయాక ఆ ఇంట్లో ఒక మగమనిషి మారు అడిగి తినడం అదే మొదలు. ఆయన వెళ్ళాక రోసమ్మ వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చింది.

ఈ ఏడాది ఎండాకాలం చివర జెరెమియా ఫోన్ చేశాడు.

"ఎలీనా, ఈసారి నీ పేరిచ్చిన. ఇన్నేండ్లల్ల ఎవ్వరి పేరూ ఇయ్యలే నేను. మా తోడల్లుని కొడుక్కి సుత ఇయ్యలే, దానికి వాళ్ళు ఇప్పటికీ మాట్లాడరు. నీ చెయ్యి నాకు తెల్సు, అందుకే ఇచ్చిన. ఇంటర్వ్యూల మాత్రం నువ్వే నిలబడాలె, అండ్ల నేను చేసేదేం లేదు. అప్పటిదాంక ఎవ్వరికీ చెప్పకు."

ఎలీనా "సార్" అంది. మళ్ళీ "సార్" అంది. ఆయన నవ్వి పెట్టేశాడు.

ఎవరికీ చెప్పకు అన్నాడు గానీ, కన్నతల్లికి చెప్పకుండా ఎలా ఉంటుంది? చెప్పింది. ఎవ్వరికీ చెప్పకమ్మా అని కూడా చెప్పింది. "నేనెందుకు చెప్తనే" అంది రోసమ్మ. పాపం, అన్నమాట మీద నిలబడింది కూడా. బడిలో చెప్పలేదు, పక్కింటి అనసూయమ్మకు చెప్పలేదు, సొంత చెల్లెలు ఫోన్ చేసి పిల్ల సంగతేందని అడిగితే పెదవి విప్పలేదు. దేవుడికి చెప్పింది. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పడం కిందికి రాదు కదా ఆమె దృష్టిలో.

ఆ చర్చి పద్ధతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పే సమయం ఒకటుంటుంది. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి, మైకు పట్టుకుని, ఏం మేలు జరిగిందో అందరి ముందూ చెప్పాలి. జరిగాక చెప్పడంలో గొప్పేముంది, అది ఎవరైనా చెప్తారు. జరగకముందే, జరిగిపోయినట్టుగా చెప్పి స్తోత్రం చెల్లించాలి. విశ్వాసమంటే అదీ అని ఆ సంఘం నమ్మకం. అలా చెప్పేవాళ్ళలో రోసమ్మను మించినవాళ్ళు లేరు. ఐజాక్ మామ తుంటి విరిగి ఆస్పత్రిలో పడుంటే, "మామ తన కాళ్ళ మీద నడిచొచ్చిండు" అని ఆపరేషన్‌కు ముందే మైకులో చెప్పేసింది. మామ నడిచాడు కూడా. అప్పటినుంచి రోసమ్మ లేచిందంటే గోడకానుకుని కునికే ముసలాళ్ళు సైతం సర్దుకుని కూర్చుంటారు.

ఇంటర్వ్యూ ఇంకో రెండు వారాలుందనగా వచ్చిన ఆదివారం ఎలీనా చర్చికి పోలేదు. యాప్రాల్‌లో లాస్య వాళ్ళింట్లో ఇద్దరూ కూర్చుని చదువుకుంటున్నారు. ఆ ఆదివారమే రోసమ్మ లేచింది.

"దేవునికి స్తోత్రం. నా బిడ్డకు ఉద్యోగం వచ్చింది. శంషాబాద్ల విమానాల కంపెనీల పెద్ద ఇంజనీరు జెరెమియా తమ్ముడు, ఆయనతోని దేవుడు ఇప్పిచ్చిండు. మా ఇంటికొచ్చిండు, నా చేతి అన్నం తిన్నడు, నీ బిడ్డను నేను చూసుకుంట అక్కా అన్నడు. కాయితం చేతికి రావుడే ఉన్నది. తండ్రి లేని పిల్లకు తండ్రిలెక్క నిలబడ్డడు."

సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఐజాక్ మామ కళ్ళు తుడుచుకున్నాడు. యూత్ పిల్లలు పెట్టిన కెమెరా ఆ మాటలన్నిటినీ యూట్యూబ్‌లో లోకానికంతా చూపించింది.

ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా సంఘంలో పెళ్ళీడు కొడుకులున్న ఇళ్ళన్నీ జెరెమియా నంబరు కోసం వేట షురూ చేశాయి. మా అబ్బాయి డిప్లొమా అని ఒకరు, మా మేనల్లుడు ఐటిఐ అని ఒకరు. ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని ఏకంగా కంపెనీ గేటు దగ్గరికే పోయి, "జెరెమియా అన్న ఉద్యోగాలు ఇప్పిస్తడట, జెర పిలువుండ్రి" అని సెక్యూరిటీ వాణ్ణి అడిగాడు. ఎవరో ఆ వీడియో ముక్క కత్తిరించి, ఉద్యోగాలు వెతుక్కునే పిల్లల గ్రూపుల్లో పడేశారు. 'ఇంటర్వ్యూ కాకముందే జాబ్ ఫిక్స్. మనం పోయి గాడిదలు కాసుకుందాం' అని దాని కింద రాసి ఉంది.

అది ఎలీనాకు చూపించింది లాస్యే.

"ఈమె మీ అమ్మనే కదా?"

ఎలీనా చూసింది. తల్లి ముఖం ఫోన్లో వెలిగిపోతోంది. అంత సంతోషంగా అమ్మను చూసి ఎన్నేళ్ళయిందో అని ఒక్క క్షణం అనిపించింది, ఆ వెంటనే కింద రాసిన మాట కంటబడింది.

"లాస్యా, అది గట్ల కాదే. మా చర్చిల గట్ల చెప్తరు. కానిది అయినట్టు చెప్తరు."

"కానిది అయినట్టు ఎందుకు చెప్తరు?" లాస్య గొంతులో కోపం కూడా లేదు. "నీకు ఫిక్స్ అయిందంటే నాతోని చెప్తే అయిపోయేది కదా ఎలీనా. రోజూ నాతోని కూసొని ప్రిపేర్ అయినట్టు ఎందుకు చేసినవ్?"

ఏం చెప్పినా ఆ పిల్ల తల ఊపింది. నమ్మలేదని ఆ ఊపడంలోనే తెలిసిపోయింది.

మర్నాడు జెరెమియా ఫోన్ చేశాడు. గొంతు ఎప్పటిలాగే ఉంది, అదే ఎలీనాకు భరించరానిదైంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ వీడియో మా ఆఫీసుల చూసిన్రు. ఇంట్ల కూసుండమన్నరు, ఎంక్వైరీ అయ్యేదాంక. నువ్వు పరేషాన్ కాకు. ఏమన్న మాట ఇచ్చిన్రా అని ఎంక్వైరీ చేసే ఆఫీసు పిల్ల అడిగింది, ఇయ్యలేదన్న. మరి ఆమె గట్ల ఎందుకు చెప్పిందంటే, అది మా దాంట్ల ప్రార్థన చేసే పద్ధతమ్మా అన్న. ఆ పిల్లకు ఏం సమజ్ అయితది? మీరేమో ఆమె చెప్పింది నిజం కాదంటున్నరు, ఆమె అంటదా ఆ మాట అన్నది."

"సార్, మా అమ్మతోని..."

"అక్కను ఏమనకు. సంతోషం పట్టలేక చెప్పింది. నా గురించి ఎవ్వరన్న గంత సంతోషంగ చెప్పింది నేను చూడలే ఇన్నేండ్లల్ల."

అక్కను ఏమనకు అన్నాడాయన. కానీ ఎలీనా అనేసింది. ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి పోయి, గరిటె తిప్పుతున్న తల్లి వెనక నిలబడి అరిచినంత పని చేసింది. "నీ నోరు కుట్టెయ్యాలమ్మా. రెండేండ్లు కష్టపడి ఒక్క మనిషిని సంపాదించుకున్న. ఒక్కడంటే ఒక్కడు. ఆయన్ను సుత ఉంచలేదు గదా నువ్వు." రోసమ్మ స్టవ్ ఆర్పింది. వెనక్కి తిరగలేదు. 

బుధవారం మధ్యాహ్నం ఆటో దిగి జెరెమియా భార్య ప్రేమమణి వచ్చింది. లోపలికి రమ్మంటే గడప దాటింది గానీ కూర్చోలేదు. రోసమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అక్కా, ఆయన నన్ను పంపలే. తెలిస్తే తిడ్తడు. నేనే అడగనీకి వచ్చిన."

"చెప్పు చెల్లె."

"ఏడ నిలబడి చెప్పినవో ఆడనే నిలబడి, అదే కెమెరా ముంగట, అదంత అబద్ధమని చెప్పు. ఆయన మీ ఇంటికి రాలే, తినలే, ఆయనెవరో నీకు తెల్వది. గొప్పకు పోయి ఆయన పేరు వాడుకున్ననని చెప్పు."

"మాటియ్యలేదని చెప్తే సాలదా?"

"సాలదక్కా. ఇంటికొచ్చి తిన్నడంటే సాలు, మిగిలిందంత వాళ్ళే అల్లుకుంటరు. ఆయన సంతకం మీద బతికే మనిషి. ఈ మనిషి మాట నమ్మొద్దని ఒక్కసారి అనుకున్నరంటే, ఇంక ఏ విమానం మీద సంతకం పెట్టనిస్తరు ఆయన్ను? మూడు రోజులాయె, అన్నం ముంగట కూసొని లేస్తున్నడు."

రోసమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. "చెప్త" అంది.

ఎలీనా గేటు దాకా సాగనంపడానికి వెళ్ళింది. ప్రేమమణి ఆగి, తల్లికి వినపడనంత మెల్లగా అంది, "నీకు తెల్సు కదా బిడ్డా. మీ అమ్మ గట్ల చెప్పినంక నీ పేరు ఆయన వాపస్ తీసుకోవాలె. నా పేరు చెప్పి అబద్ధాలాడినోళ్ళ పిల్లకు నేనెట్ల పూచీ ఉంట అని చెప్తేనే వాళ్ళు నమ్ముతరు."

"తెల్సు ఆంటీ."

"మీ అమ్మకు తెల్వదు."

"నేను చెప్త."

ప్రేమమణి ఆమె తల మీద చెయ్యి వేయబోయి, మానుకుని ఆటో ఎక్కింది.

ఇక్కడ ఎలీనా తలచుకుంటే అంతా ఆపేయొచ్చు. లోపలికి పోయి, నువ్వు అబద్ధమని చెప్తే నా పేరు పోతదమ్మా అని ఒక్క మాట అంటే చాలు, రోసమ్మ చచ్చినా నోరు తెరవదు. ఆయన ఎంక్వైరీ ఏదో ఆయన పడతాడు, ఈలోగా ఇంటర్వ్యూ అయిపోతుంది. ఎలీనాకు ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. గేటు పట్టుకుని నిలబడి చాలాసేపు అదే ఆలోచించింది. ఇంతమంది ఉండగా నాకే ఎందుకిలా అని ఏడుపొచ్చింది. ఏడ్చింది. కానీ జనం తోసుకుంటుంటే తన కార్డు వెనక బొమ్మ గీసిన మనిషిని సంతకం లేని మనిషిగా ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు.

సాయంత్రం రోసమ్మ పక్కన వచ్చి కూర్చుంది. ఆ గొడవ తర్వాత తనంత తానుగా మాట్లాడటం అదే.

"బిడ్డా, ఒక్కటి చెప్పు. మొన్న ఆదివారం నేను అబద్ధమాడిన్నా?"

"లేదమ్మా. జెర ముందుగాల చెప్పినవ్, గంతే."

"ఆయన వచ్చిండు కదా. తిన్నడు కదా."

"తిన్నడు."

"అయితే ఇప్పుడు చెప్పేదే అబద్ధం."



"దేవుని ఇంట్ల" అంది రోసమ్మ. "ఆ మైకు పట్టుకుని నా జన్మల అబద్ధం చెప్పలే బిడ్డా. కానియి చెప్పిన, కానీ నమ్మి చెప్పిన. ఇది నమ్మి చెప్పేది కాదు." చీర కొంగును వేళ్ళకు చుట్టుకుంది. "ఇట్ల చెప్తే నీ ఉద్యోగం నిలబడతదా?"

ఆ ప్రశ్న వస్తుందని ఎలీనాకు తెలుసు. 

"నిలబడతదమ్మా."

"అయితే చెప్త. దేవుడు నన్ను ఏమన్నా అననీ, నీ కోసం చెప్త."

ఆదివారం తల్లీకూతుళ్ళు ఇద్దరూ వెళ్ళారు. సాక్ష్యాల సమయం రాగానే జకర్యా అయ్యగారు రోసమ్మ వైపు చూసి నవ్వుతూ మైకు చాచాడు. ఆయనకు ఏమీ తెలియదు. రోసమ్మ లేచింది. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ వందనాలు. పోయిన వారం నేను చెప్పింది అబద్ధం."

మాట పూర్తవగానే "స్తోత్రం" అని ఎవరో ముసలమ్మ అలవాటుగా అనేసింది. రోసమ్మ సాక్ష్యం చెప్తుంటే వాక్యానికొకసారి అలా అనడం అక్కడ మామూలే. ముసలమ్మ ఆ తర్వాత నోటి మీద చెయ్యి వేసుకుంది. 

"జెరెమియా అనే మనిషి నాకు తెల్వది. ఆయన మా ఇంటికి రాలే. నా చేతి అన్నం తినలే. నా బిడ్డకు ఏ సాయం చెయ్యలే. నలుగుట్ల గొప్పగ కనబడాలని ఆయన పేరు చెప్పుకున్న. నన్ను క్షమించుండ్రి."

'నా చేతి అన్నం తినలే' అన్నచోట ఆమె కళ్ళు మూసుకుంది. అయినా ఆగలేదు. చెప్పమన్నదంతా చెప్పి, మైకు అయ్యగారి చేతిలో పెట్టింది. అయ్యగారు ఏం చేయాలో తోచక కీబోర్డు అబ్బాయి వైపు చూశాడు, వాడు పాట అందుకున్నాడు. రోసమ్మ తిరిగి తన చోటికి వచ్చేసరికి పక్కనున్న ఆవిడ కొంచెం అవతలికి జరిగి కూర్చుంది. ఎలీనా అది చూసింది. తన బతుకులో ఇంతకంటే నీచమైన పని ఇంకోటి చేయబోనని ఆమెకు అనిపించింది.

ఇంటికి వస్తుంటే ఆటోలో రోసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అయిపోయింది బిడ్డా. ఇగ నువ్వు నిమ్మలంగ చదువుకో" అంది.

మంగళవారం పొద్దున జెరెమియా దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 'డ్యూటీకి రమ్మన్నరు. నీ పేరు వాపస్ తీసుకున్న. మన్నించు బిడ్డా. ఈ నంబర్‌కు ఇంక ఏం పంపకు, ఇద్దరికీ మంచిది కాదు. నీ చెయ్యి మంచిది. వదలకు.' ఎలీనా దాన్ని ఎన్నిసార్లు చదివిందో ఆమెకే తెలియదు. ఆయన తన పేరు వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని ముందే తెలిసినా, 'తీసుకున్న' అన్న ఆ మాట చూశాక గానీ నిజంగా నొప్పి తెలియలేదు.

అవతల గదిలో రోసమ్మ తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేస్తోంది. ఇంటర్వ్యూకు వేసుకోవాలని కొన్నది. కాలర్‌ను అటూ ఇటూ తిప్పి రుద్దుతోంది. ఎలీనా చూస్తూ నిలబడలేకపోయింది.

"అమ్మా, ఇస్త్రీ ఒద్దు. నన్ను పిలువరు."

రోసమ్మ తలెత్తింది.

"నా పేరు తీసేసిన్రు. ఆయన పేరు చెప్పి మనం అబద్ధమాడినమని నువ్వే చెప్పినవ్ కదా. అసుంటోళ్ళ పిల్లకు ఆయనెట్ల పూచీ ఉంటడు?"

"నిలబడతదన్నవ్ కదనే."

"అన్న."

"నీకు ముందే తెల్సా?"

"తెల్సు."

రోసమ్మ ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసింది. మంచం పట్టె మీద కూర్చుంది. "మరి నాతోని ఎందుకు చెప్పిచ్చినవ్?"

"ఆయన కోసం అమ్మా. నీకు చెప్తే నువ్వు చెప్పకపోదువు."

"చెప్పకపోదును" అంది రోసమ్మ. ఆలోచించుకోకుండానే అంది, అని తన మాటకు తనే నివ్వెరపోయింది. "నిజమే బిడ్డా. ఆయన ఏమైతే నాకేందనుకుందును. అన్నం పెట్టి తమ్ముడన్నోన్ని." ముఖం కొంగుతో కప్పుకుంది. "నీ కోసమైతే దేవుని ముంగట సుత అబద్ధమాడొచ్చనుకున్న. నీ కోసం సుత కాకపాయె. ఇంక ఏ ముఖం పెట్టుకుని ప్రార్థన చెయ్యాలె?"

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర రోసమ్మ కళ్ళు మూసుకోలేదు. ప్రార్థన చేయకుండా ఆమె ముద్ద ఎత్తడం ఎలీనా పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నువ్వు చెయ్యి బిడ్డా, నా నోటికి వస్తలేదు అంది. ఎలీనాకూ రాలేదు. ఇద్దరూ అన్నం వైపు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు ఎలీనా ఫోన్ తీసింది. తల్లికి దగ్గరగా జరిగి, ఆమెకు కనపడేలా పట్టుకుంది. జెరెమియాతో నడిచిన రెండేళ్ళ మాటలు, ఎర్రగీతల ఫొటోలు, మళ్ళ కట్టులు, పర్వాలేలు, పొద్దున్న వచ్చిన చివరి మెసేజ్ అన్నిటినీ తీసేసింది. ఫొటోల్లోంచి క్రిస్మస్‌నాటి పలావు కంచం ముందున్న ఆయన బొమ్మ తీసేసింది. ఆఖరున నంబరు తీసేసింది. తీసెయ్యాలా అని ఫోన్ అడిగితే అవునని నొక్కింది.

"చూడు. ఇప్పుడు ఆయన మనకు నిజంగనే తెల్వదు. నువ్వు చర్చిల చెప్పింది అబద్ధం కాదు."

రోసమ్మ ఫోన్ వైపు చాలాసేపు చూసింది. "గట్ల అయితదా?" అంది, చిన్నపిల్ల అడిగినట్టు.

"అయితదమ్మా. తిను."

రోసమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు కదిపి, ముద్ద కలిపింది. ఎలీనా కూడా కలిపింది. ఆ నంబరు ఆమెకు నోటికి వచ్చు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.